ఆరో సొరంగం రాయి

58వ డబ్బా. రోజు 1.

ఇంట్లో మోటారు తిప్పేవాళ్ళు ఎవరైనా సరే చిట్టా రాయాలని కరెంటు ఆఫీసు నియమం. ఎన్ని గంటలు తిరిగింది, ఎన్ని నీళ్ళు పట్టాయి, ఏం పని జరిగింది. రాళ్ళకు మెరుగు పెట్టే నా డబ్బాకి పదకొండేళ్ళుగా రాస్తున్నాను. ఎవరూ చదవరు. అందుకే గంటలూ నీళ్ళూ రాశాక మిగిలిన చోట నాకు తోచింది రాసుకుంటాను.

ఈ రోజు గంటలు సున్నా, నీళ్ళు సున్నా.

పొద్దున డ్యూటీకి బయల్దేరుతుంటే పట్టాభిరామ్ సార్ మా గుమ్మంలోకి వచ్చాడు. ఆయన ఈ కాలనీకి చీఫ్ ఇంజనీరు. బయట పీల్చడానికి గాలి లేదు కాబట్టి మేమంతా సొరంగాల్లోనే ఉంటాం. ఆ సొరంగాలు తొమ్మిదీ ఆయన చేతి మీదుగా తవ్వినవే. వచ్చే నెల కాలనీకి అధ్యక్షుడు కూడా ఆయనే. మా చెల్లెలు చౌడమ్మ చనిపోయిన ఈ ఆరేళ్ళలో ఆయన మా వీధికి రావడం ఇదే మొదలు.

చేతిలో గోనె సంచి ఉంది. నేను రాళ్ళకు బాగా మెరుగు పెడతానని విన్నాడట. ఒక్కో సొరంగం తెరిచిన రోజున దాని గోడ నుంచి ఒక్కో రాయి తన చేత్తో తీసి దాచుకున్నాడట. తొమ్మిది సొరంగాలకు తొమ్మిది రాళ్ళు. వాటిని కోడిగుడ్డు ఆకారానికి తెచ్చి, అద్దంలా మెరిసేలా చేసి పెడితే, అధ్యక్షుడయ్యే రోజున పెట్టెలో పెట్టి అందరికీ చూపిస్తాడట. ఒక్కో రాయి మీద తెల్ల రంగుతో దాని అంకె వేసి ఉంది.

ఒక్కొక్కటే తీసి నా చేతికిచ్చాడు. ఆరో రాయి ఇచ్చేటప్పుడు ఆయన చెయ్యి ఆగలేదు. అయిదో రాయి ఎలా ఇచ్చాడో అదీ అలాగే ఇచ్చాడు.

"ఇంతమంది ఉండగా మీకే ఎందుకు ఇస్తున్నానో తెలుసా కుళ్ళాయమ్మా? మీరు కూడా మళ్ళీ నలుగురిలో కలవాలి. జరిగిందేదో జరిగిపోయింది," అన్నాడు.

సరే సార్ అన్నాను. ఆయన వెళ్ళాక ఆరో రాయిని నేల మీద పెట్టి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. డ్యూటీకి ఆలస్యమైంది.

రోజు 2.

గంటలు సున్నా. నీళ్ళు అర చెంబు, రాళ్ళు కడగడానికి.

మా చౌడమ్మది గోడలు చూసే పని. కొత్త సొరంగం తవ్వాక సుత్తితో తట్టి, చప్పుడు విని, అవసరమైతే నాలుకతో రుచి చూసి, గోడ నిలబడుతుందో లేదో చెప్పాలి. నిలబడుతుందంటే కాగితం మీద సంతకం పెట్టాలి. ఆరో సొరంగంలో స్నానాల గదులూ బట్టలుతికే గదులూ పెట్టాలనుకున్నారు. అది తెరవడానికి మూడు రోజుల ముందు అన్నం తింటూ నాతో అంది: "గోడ ఉప్పగా ఉండాదక్కా. నీళ్ళు తగిల్తే కరిగిపోతాది. నేను సంతకం పెట్టను."

సొరంగం తెరిచారు. పదకొండు నెలలకు కప్పు కూలింది. లోపలున్న నలుగురూ చనిపోయారు. బట్టలుతుక్కోవడానికి పోయిన మా చౌడమ్మ అందులో ఒకతె. ఆ వారంలో బట్టల వంతు ఆమెదే కదా, ఏం చేస్తుంది.

విచారణలో కాగితం తీశారు. దాని మీద చౌడమ్మ సంతకం ఉంది. ఆరో సొరంగం గోడ నుంచి డ్రిల్లుతో తీశామని ఒక రాతి కడ్డీ చూపించారు. గట్టి రాయి. అంటే గోడ మంచిదే, తర్వాత వచ్చిన పగుళ్ళు ఆమె కనిపెట్టలేదు, తప్పు ఆమెదే అన్నారు. ఆ కడ్డీ ఇప్పటికీ ఆఫీసు వరండాలో అద్దాల పెట్టెలో ఉంది. చనిపోయిన వాళ్ళ పేర్లు గోడ మీద మూడే రాశారు. గోడ ఉప్పగా ఉందని చెప్పిందని నేను అరిచి చెప్పాను. ఏది సాక్ష్యం అన్నారు. కూలిన సొరంగాన్ని కాంక్రీటుతో మూసేశారు. ఆ గోడ రాయి గుప్పెడు కూడా ఎవరి దగ్గరా లేదనుకున్నాను.

ఈ రోజు ఉలి, చిన్న సుత్తి పట్టుకుని మూలలు కొట్టాను. మొనదేలిన రాయిని అలాగే డబ్బాలో వేస్తే పక్క రాళ్ళను చీరేస్తుంది. రంగు వేసిన వైపు కూడా పెచ్చుగా లేపేశాను, రంగు రాలితే పొడి పాడవుతుందని. ఏ రాయి పెచ్చులు ఆ కాగితంలో పొట్లం కట్టి పెట్టాను. మా అమ్మ బేతంచెర్ల పాలిష్ షెడ్లో ఇరవై ఏళ్ళు పని చేసింది. రాయి ముక్కని పారేసే అలవాటు మా ఇంట్లో లేదు.

ఆరో రాయి సుత్తికి తేలిగ్గా లొంగింది. తొమ్మిదోదీ అంతే.

రోజు 3.

గంటలు ఇరవై. నీళ్ళు ఒక చెంబు.

డబ్బా తిరగడం మొదలైంది. మనుషులు పారేసిన సామానుతోనే కట్టాను దీన్ని: పాత జల్లెడ పీపా, లోపల రబ్బరు పట్టీ, తుప్పు పట్టిన ఫ్యాను మోటారు. సొరంగాలు కోసే రంపాల పళ్ళు అరిగి రాలిన పొడి నాకు గరుకు పొడి. రాళ్ళు, పొడి, నీళ్ళు వేసి మూత బిగించి, మధ్యమధ్య ఇంకా సన్నటి పొడికి మారుస్తూ తిప్పుతూ ఉండాలి. ఇక్కడ దేనికీ పెద్దగా బరువు ఉండదు. రాయి మీద రాయి ముసలమ్మలా మెల్లగా పడుతుంది. బేతంచెర్లలో నాలుగు రోజుల పని ఇక్కడ ఎనిమిది రోజులు.

నీళ్ళ దగ్గర ఓబులమ్మ కనిపించింది. మా ఇంటికి రెండు గుమ్మాల అవతల ఉంటుంది. ఆరో సొరంగంలో పోయిన నలుగురిలో ఆమె కొడుకు మద్దిలేటి ఒకడు. ఇరవై నాలుగేళ్ళవాడు. మొదటి ఏడాది ఓబులమ్మ రోజూ మా గుమ్మంలో ఉమ్మేసి పోయేది. తర్వాత అదీ మానేసి, నేనొక మనిషినే కానట్టు ఉంటుంది. తొమ్మిదో సొరంగంలో ఆమెకు కొత్త ఇల్లు వచ్చింది. నలభై కుటుంబాలు వచ్చే నెల అక్కడికి మారుతున్నాయి. కుళాయి దగ్గర ఎవరితోనో తన కొత్త ఇంట్లో వంటగది ఎంత పెద్దదో చెబుతోంది. నేను రాగానే మాట ఆపేసింది.

రోజు 11.

గంటలు ఇరవై. నీళ్ళు ఒక చెంబు.

మూత తీసి బురద జల్లెడలో వంపాను. ఏడు రాళ్ళే ఉన్నాయి.

రెండోసారి కడిగాను. డబ్బా అడుగున చెయ్యి పెట్టి వెతికాను. ఏడే. బురద మాత్రం ఎప్పటికన్నా చిక్కగా ఉంది. సార్ రాళ్ళు పోగొట్టానంటే ఏం చెప్పను అని భయపడ్డాను. తర్వాత మిగిలిన రాళ్ళను మొదట గీసిపెట్టుకున్న బొమ్మలతో సరిచూశాను. లేనివి ఆరోదీ తొమ్మిదోదీ.

పొట్లాలు తీశాను. మూడు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకదాంట్లో మూడో రాయి పెచ్చు, ఒకదాంట్లో ఆరోదాని చిన్న పెచ్చు, ఇంకోదాంట్లో తొమ్మిదోది వేశాను. మూడోది గవ్వలా అడుగున కూర్చుంది. ఆరోది బుడగలు వదిలింది. అంచులు ఊడాయి. ఎర్రటి పొగలా నీళ్ళలో కిందికి దిగింది. నేను పదిహేను వందలు లెక్కపెట్టేసరికి రాయి లేదు, బురద ఉంది. తొమ్మిదోది ఇంకా తొందరగా పోయింది.

వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను.

నేల మీద కూర్చుని ఏడ్చాను. దుఃఖం కాదు అది. ఆయన మరిచిపోయాడు. నలుగురిని చంపిన గోడ ఏదో, ఎవరి అక్క చేతికి ఏ రాయి ఇస్తున్నాడో కూడా గుర్తులేనంతగా మరిచిపోయాడు. ఆయనకు లెక్కలు తెలుసు, యంత్రాలు తెలుసు. రాయి తెలియదు. రాయి ఏదైనా రాయే అనుకుని, తన మెడకు ఉరితాడు తానే తెచ్చి, దానికి మెరుగు పెట్టమని నాకిచ్చాడు.

రోజు 14.

గంటలు ఇరవై. రెండో పొడి.

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాస్తాను.

నా డ్యూటీ గాలి జల్లెడలు కడగడం. ప్రతి ఇంటికీ గాలి పోయే దారిలో ఒక జల్లెడ ఉంటుంది. నెలకోసారి తీసి, కడిగి, తిరిగి పెడతాను. మొన్న రెండో సొరంగం నాలుగో ఇంటి వంతు. అంటే పట్టాభిరామ్ సార్ ఇల్లు. ఆయన ఒక్కడే ఉంటాడు.

డబ్బాలోంచి వచ్చిన బురదను మేం ఎప్పుడూ తూములో పోయం. ఆరితే సిమెంటులా బిగుస్తుంది. ఆ బురద చెంబెడు నా వెంట తీసుకుపోయాను. జల్లెడ మీద పలుచగా పూస్తే గాలి సన్నబడుతుంది. మనిషికి మత్తొస్తుంది, నిద్రపోతాడు, అంతే. ముసలాయన, గుండె ఆగిపోయిందంటారు.

ఒక మూల పూశాను. చల్లగా ఉంది.

అప్పుడు అనిపించింది, ఇలా చస్తే ఆయన పెద్దమనిషిగా చస్తాడు. భోజనశాలలో పూలు పెడతారు. తొమ్మిది సొరంగాలు తవ్విన మహానుభావుడంటారు. గోడ మీద ఆయన పేరు ఎక్కుతుంది, మా చౌడమ్మది ఎక్కదు. అంత తేలికైన చావు ఆయనకు నేనెందుకివ్వాలి?

జల్లెడ శుభ్రంగా కడిగి పెట్టేశాను. ఆ ఇంటికి అంత శుభ్రమైన జల్లెడ ఎప్పుడూ పోయి ఉండదు.

రోజు 16.

గంటలు ఇరవై.

ఓబులమ్మ సామాన్లు మూటలు కట్టి గుమ్మం ముందు పెట్టుకుంది. వాటిని దాటుకుని పోతుంటే ఒక్క నిమిషం నాకు పాడు ఆలోచన వచ్చింది. పోనీ. నోరు మూసుకుంటాను. ఆరేళ్ళు నన్ను పురుగులా చూసినవాళ్ళే కదా ఆ నలభై కుటుంబాలూ. పోయి ఆ ఉప్పు గోడల మధ్య వంటలు వండుకోనీ. ఏడాది తిరిగేసరికి తెలుస్తుంది చౌడమ్మ ఎవరో.

ఒక్క నిమిషమే. తర్వాత మూటల పక్కన ఆడుకుంటున్న పిల్లలు కనపడ్డారు. పైగా ఆయన ఆ సొరంగంలోకి మారడం లేదు. గట్టి రాయి ఉన్న రెండో సొరంగంలోనే ఉంటున్నాడు. అంటే తొమ్మిదో గోడ సంగతి కూడా ఆయనకు తెలుసు. తెలియకపోతే, పెద్ద వంటగది మొదట ఎవరికి దక్కేది?

రోజు 24.

గంటలు ఇరవై. మూడో పొడి.

రాళ్ళు మెరుగు పట్టడం మొదలైంది. గోడలో ఉన్నప్పుడు అన్నీ ఒకే ఎర్ర మన్నులా కనపడతాయి. మెరుగు పడితేగానీ దేని ముఖం ఏదో తెలియదు. మొదటి రాయిలో పసుపు చారలు వచ్చాయి. ఏడోది కార్జం రంగు. మూడో రాయి నిండా పెసరగింజలంత నల్ల చుక్కలు, మూడేసి మూడేసి గుత్తులుగా. మిగిలిన ఏ రాయిలోనూ అలాంటివి లేవు.

ఆ గుత్తులు నేనింతకు ముందు ఎక్కడో చూశాను. మధ్యాహ్నం డ్యూటీ మధ్యలో ఆఫీసు వరండాకి పోయాను. అద్దాల పెట్టెలో, 'ఆరో సొరంగం' అని చీటీ అంటించిన కడ్డీ నిండా అవే. మూడేసి, మూడేసి.

ఆ పెట్టె ముందు ఆరేళ్ళలో ఎన్నిసార్లు నిలబడ్డానో. ప్రతిసారీ దాని పక్కన పెట్టిన కాగితం మీది సంతకమే చూశాను. రాయిని చూడలేదు.

రోజు 36.

గంటలు సున్నా. నీళ్ళు మూడు గ్లాసులు.

పొద్దున పదింటికి భోజనశాల నిండిపోయింది. మూడు వందల మంది ఉంటారు. ముందు వరసలో డాక్టర్ జైబున్నీసా మేడం కూర్చుంది. సభ నడిపేది ఆమే. నేను పెట్టె తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. పట్టాభిరామ్ సార్ మూత తీశాడు. ఏడు రాళ్ళు మెరిశాయి. జనం చప్పట్లు కొట్టారు. రెండు గుంటలు ఖాళీగా ఉండడం చూసి ఆయన నవ్వుతూ మిగతా రెండూ ఏవి అన్నాడు.

నా దగ్గరే ఉన్నాయని చెప్పి, తెల్ల రంగు అంకెలున్న పెచ్చులు మూడు బల్ల మీద పెట్టాను. మూడు, ఆరు, తొమ్మిది.

"ఈ అంకెలు మీ చేతిరాతేనా సార్?" అని అడిగాను.

"నాదే. అన్నిటి మీదా నేనే వేశాను."

"రాళ్ళు తీసింది గూడా మీరేనా?"

"సొరంగం తెరిచిన రోజున, నా చేత్తో నేనే తీశాను. ఎందుకమ్మా?"

"ఊరికే సార్. అందరికీ తెలిసుండాలని."

జైబున్నీసా మేడం ముందున్న గ్లాసు ఒకటి, పక్క బల్ల మీంచి రెండు తీసుకుని నీళ్ళు పోశాను. మూడు పెచ్చులూ వాటిలో వేసి, సార్ మీరు మాట్లాడండి అని చెప్పి పక్కకు నిలబడ్డాను. ఆయన ఇదేదో మెరుగు పెట్టే తంతు అనుకున్నాడేమో, మాట్లాడడం మొదలుపెట్టాడు. ఎడారిలో ఊరు కట్టిన కథ చెప్పాడు. తొమ్మిదో సొరంగం గోడలు మన మనవల మనవలు చూస్తారన్నాడు. ఆ మాట అన్నప్పుడు తొమ్మిదో గ్లాసులో ఎర్రటి పొగ దిగుతోంది. ముందు వరస ఆయన వైపు చూడడం మానేసింది. తర్వాత రెండో వరస. వెనకవాళ్ళు లేచి నిలబడ్డారు. ఆయన ఒక్కడే ఇంకా మాట్లాడుతున్నాడు. మనుషులు ఎటు చూస్తున్నారో గమనించి తల తిప్పేసరికి, ఆరో గ్లాసులో బురద మీద తెల్ల రంగు పొర ఒకటి తేలుతోంది. ఆరు అంకె చెక్కుచెదరకుండా ఉంది. దాని కింద రాయి లేదు.

ఆయన తొందరగానే తేరుకున్నాడు. అది పైపొర పెచ్చు అన్నాడు. లోపలి రాయి వేరు అన్నాడు. ఆరో సొరంగం కడ్డీ ఆఫీసులో ఉంది, ఇన్నేళ్ళుగా అందరూ చూస్తున్నదే అన్నాడు. అది తెప్పించమని నేను అడగక ముందే జైబున్నీసా మేడం మనిషిని పంపింది. కడ్డీ వచ్చింది. పెట్టెలోంచి మూడో రాయి తీసి దాని పక్కన పెట్టాను. నల్ల చుక్కలు, మూడేసి, మూడేసి. మేడం రెండిటినీ చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. వెనక వరసకి ఇచ్చింది. రాళ్ళు చేతులు మారుతూ హాలంతా తిరిగాయి.

ఓబులమ్మ లేచి ముందుకు వచ్చింది. నా వైపు చూడలేదు. ఆరో గ్లాసులో వేలు ముంచి నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు," అంది.

తర్వాత ఆయన వైపు తిరిగింది. "చౌడమ్మ చెప్పినాదంట గదా సార్ మీకు. మాకెందుకు చెప్పలేదు?"

ఆయన కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచాడు. దొరకలేదు. ఎవరూ అందించలేదు. ఆ ముఖం చూస్తుంటే నాకు ఎంత సుఖంగా ఉందో దాచను. ఆకలి తీరినట్టు ఉంది.

రోజు 39.

గంటలు సున్నా.

రెండో రోజుకే ఒప్పుకున్నాడు. చౌడమ్మ మూడుసార్లు కాదందట. రెండు వందల మందితో ఓడ వస్తోంది, స్నానాల గదులు లేకపోతే తన మాట పోతుందని మూడో సొరంగం నుంచి కడ్డీ తీయించాడట. చౌడమ్మ పాత కాగితం మీది సంతకం యంత్రంతో ఆరోదాని కాగితం మీదికి దించాడట. తొమ్మిదోదానికి చౌడమ్మ పనిలోకి వచ్చిన కొత్త కుర్రాడి చేత సంతకం పెట్టించాడట. తొమ్మిదో సొరంగం మూసేశారు. ఓబులమ్మ మూటలు విప్పుకుంటోంది.

కోర్టు ఇక్కడ లేదు. తీసుకుపోయే ఓడ రావడానికి నాలుగు వందల పది రోజులు. అప్పటిదాకా ఆయన్ని ఏం చేయాలో చనిపోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళే చెప్పాలని సభ తీర్మానించింది. ఒకాయన బయటి తలుపు తీసి తోసేద్దామన్నాడు. మేడం ఒప్పుకోలేదు. నన్ను అడిగింది.

నేను ఒక పలక అడిగాను. మూరెడు వెడల్పు, మూరన్నర పొడవు. మూడో సొరంగం రాయి. దాని మీద నాలుగు పేర్లు, మొదట చౌడమ్మది. ఆయనే ఉలితో చెక్కాలి. ఆయనే చేత్తో రుద్ది మెరుగు పెట్టాలి, అయిదు రకాల పొడులతో, ఒకదాని తర్వాత ఒకటి. మోటారు ముట్టుకోకూడదు. భోజనశాల గుమ్మం దగ్గర, మూడు పూటలా అందరూ వచ్చీపోయే చోట కూర్చుని చేయాలి. అది పూర్తయిన రోజున ఇంటికి పోయి ఓడ వచ్చేదాకా తలుపేసుకుని పడుకోవచ్చు. పలక మీద ఒక్క గీత కనపడితే మాత్రం మళ్ళీ మొదటి పొడి నుంచి రావాలి. రాతి పనిలో అది నేను పెట్టిన నియమం కాదు, ఎవరినైనా అడగండి అన్నాను.

గీత ఉందో లేదో ఎవరు చూడాలి అని మేడం అడిగింది.

నేనే అన్నాను.

పలక. రోజు 6.

నా మోటారు ఆగి ఉంది. అయినా రాస్తున్నాను.

ఆయన ఉలి పట్టుకోవడం చిన్నపిల్లలు చెంచా పట్టుకున్నట్టు ఉంది. ఈ రోజు నా దగ్గరికి వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"కుళ్ళాయమ్మ గారూ, ఆవిడ పూర్తి పేరు ఏమని చెక్కమంటారు?"

సంతకం దొంగిలించినవాడికి పేరు తెలియదు. కాగితం మీద ఆమె రాసేది ఒక్క అక్షరమే. అదే చాలింది ఆయనకి.

తలారి చౌడేశ్వరమ్మ అని చెప్పాను. మూడుసార్లు పలికించాను.

పలక. రోజు 33.

మొదటిసారి తెచ్చాడు. నిజంగానే గీతలున్నాయి, ఎడమ అంచున నాలుగు. చూపించాను. వెనక్కి పోయాడు.

పలక. రోజు 61.

రెండోసారి. ఒకే గీత, వెంట్రుకంత. అది కూడా నిజమే. వెనక్కి పోయాడు.

ఆయన వేళ్ళ చివర్లు అరిగిపోయాయి. గుడ్డ చుట్టుకుని రుద్దుతున్నాడు. జనం పక్క నుంచి పోతూ మొదట్లో ఉమ్మేవాళ్ళు, ఇప్పుడు చూపు తిప్పుకుంటున్నారు. కొందరు నీళ్ళు ఇస్తున్నారట. జైబున్నీసా మేడం వచ్చి, అరవై నాలుగేళ్ళ మనిషి, చేతులు పుండ్లు పడ్డాయి, ఇంక చాలు కదా అంది. ఆమెది మంచి మనసు. సొరంగం కూలిన రోజు శవాలను కడిగింది కూడా ఆమే. అందుకే కోప్పడకుండా చెప్పాను, మా చెల్లెలి మీద నింద ఆరేళ్ళుంది, పలకకు ఇంకా ఆరు నెలలు కూడా కాలేదని.

పలక. రోజు 70.

ఓబులమ్మ మా ఇంటికి వచ్చింది. లోపలికి రాలేదు, గుమ్మంలోనే కూర్చుంది.

"నా కొడుకును తిన్నాది నీ చెల్లెలనుకున్యా. ఆరేండ్లు ఆయమ్మను తిట్టకుండా అన్నం తిన్లేదు నేను," అంది.

పరవాలేదని నేను అనలేదు. పరవా ఉంది కాబట్టి. మంచినీళ్ళు ఇచ్చాను. తాగింది. మద్దిలేటి సంగతులు చెప్పింది, నేను చౌడమ్మ సంగతులు చెప్పాను. వాళ్ళిద్దరూ ఒకే వంతులో బట్టలుతికేవాళ్ళట. వాడి చొక్కాలకు సబ్బు ఎక్కువ పెడతావని ఆమె తిట్టేదట. నాకది తెలియదు. పోయే ముందు, పలక చూడడానికి ఈసారి నన్నూ పిలువు అంది.

పలక. రోజు 97.

మూడోసారి తెచ్చాడు. ఓబులమ్మను పిలిచాను.

బల్ల మీద పెట్టి, గుడ్డ తీసి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. నేను దీపం దించి పలక మీదికి వాల్చాను. నా జన్మలో అంత మెరుగు చూడలేదు. నా డబ్బాలోంచి కూడా ఎప్పుడూ రాలేదు. నీళ్ళు నిలబడినట్టు ఉంది. నల్ల చుక్కల మీద చౌడేశ్వరమ్మ అక్షరాలు ఒక్కొక్కటీ అంచు తిరిగి ఉన్నాయి. చ కింద మలుపు దగ్గర ఎంతో ఓపిగ్గా రుద్దాడు. పై నుంచి చూశాను. పక్క నుంచి చూశాను. చెంప ఆనించి చూశాను. వేలితో ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమాను.

నా చెల్లెలి పేరు చదువుకున్నాను. నా ముఖం కూడా అందులో కనపడింది. ముసలిదాన్నయ్యాను.

"గీత ఉంది," అన్నాను.

ఆయన తల ఎత్తాడు. తొంభై ఏడు రోజుల్లో ఆయనకు రాయి తెలిసింది. "ఎక్కడండీ?" అన్నాడు. గొంతు చాలా మెల్లగా ఉంది.

నేను ఓబులమ్మ వైపు చూశాను. ఆమె వంగి, మద్దిలేటి పేరు మీద మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వేలు నడిపింది. మళ్ళీ వెనక్కి నడిపింది. చాలాసేపు చూసింది.

"ఉండాది," అంది. "పెద్ద గీత."

ఆయన మా ఇద్దరి ముఖాలూ చూశాడు. తర్వాత పలకను రెండు చేతులా గుండెకు ఆనించుకుని ఎత్తుకున్నాడు. గుమ్మం దగ్గరికి నడిచి, తన చోట కూర్చున్నాడు. మొదటి పొడి డబ్బా మూత తీసిన చప్పుడు మా ఇద్దరికీ వినిపించింది.